వ్యాపారి రాతలో తప్పు కనిపిస్తే చెప్పాలా, ఊరుకోవాలా? చెబితే ఎలా చెప్పాలి?

ఒక చిన్న దుకాణం సైన్‌బోర్డు మీదో, ధరల పట్టికలోనో, వెబ్‌సైటులోనో అక్షరదోషం కనిపించిందంటే, దానిని పట్టుకున్న కంటికి ఆ తరువాత మరేదీ కనిపించదు. చెప్పకుండా ఊరుకుంటే కంట్లో నలుసులా బాధిస్తుంది, చెబితే ఎదుటివారు చిన్నబుచ్చుకుంటారేమోనని సంకోచం కలుగుతుంది. ఈ రెండింటి మధ్య తటపటాయించి చాలామంది చివరకు చేసేది బొత్తిగా పనికిరాని పని: ఫొటో తీసి స్నేహితులకు పంపి నవ్వుకుంటారు. ఆ నవ్వు నలుగురికీ చేరుతుంది గాని, తప్పు సంగతి మాత్రం దిద్దుకోవలసిన యజమానికి చేరదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చెప్పవచ్చు. అయితే ఆ తప్పు వల్ల వ్యాపారానికి గాని, కొనేవారికి గాని నష్టం ఉందా, దానిని దిద్దుకోవడం యజమానికి అందుబాటులో ఉన్న పనేనా అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతే నోరు విప్పాలి. తప్పును చూసి మీకు కలిగిన చిరాకును ఈ లెక్కలో వేసుకోకూడదు.

మొదట చేయవలసింది: అది తప్పేనని నిర్ధారించుకోండి

మనకు అలవాటు లేని రూపమల్లా తప్పు కాదు. తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. ‘కళ్లు’, ‘కళ్ళు’ రెండూ వాడుకలో ఉన్నవే. ‘పెళ్లి’, ‘పెళ్ళి’ కూడా అంతే. ‘కర్ర’ అని రాయడానికి అలవాటుపడినవారికి పాత బోర్డు మీద ‘కఱ్ఱ’ కనబడితే ఎవరో తెలియక రాసినట్టు తోచవచ్చు గాని, నిజానికి ఆ రాసినవారు బండి ‘ఱ’ను పాత పద్ధతి ప్రకారం జాగ్రత్తగా నిలుపుకొన్నారు. ఇతర భాషల నుండి వచ్చిన మాటలకైతే ఒకే రూపం ఎన్నడూ స్థిరపడలేదు: ‘బ్యాంక్’, ‘బ్యాంకు’, ‘డాక్టర్’, ‘డాక్టరు’, ‘ఆఫీస్’, ‘ఆఫీసు’ అన్నీ నడుస్తాయి. ‘చేయబడును’ అన్న మాట మీకు కృతకంగా వినిపించవచ్చు. అది శైలికి సంబంధించిన విషయమే తప్ప దోషం కాదు. ‘మరియు’ కూడా ఆ కోవలోనిదే, నాకూ అది నచ్చదు, కాని నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు.

ఒకసారి నేను ఒక దుకాణదారుకు ఇటువంటి ‘సవరణ’ ఒకటి ఎంతో నమ్మకంగా చెప్పి వచ్చి, ఇంటికి చేరాక నిఘంటువు తిరగేస్తే రెండు రూపాలూ అందులో కనిపించాయి. మరునాడు వెళ్లి, నేను చెప్పినదే పొరపాటని ఒప్పుకోవలసి వచ్చింది. అప్పటి నుండి ముందు నిఘంటువు చూస్తాను. ఆంధ్రభారతి జాలస్థలంలో అనేక తెలుగు నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు గనుక దీనికి రెండు నిమిషాలు చాలు.

వ్యాపారాల పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పేరును కావాలనే వేరుగా రాసుకోవడం వ్యాపారంలో సాధారణం. ‘గూగుల్’ అన్న పేరే, ఒకటి పక్కన నూరు సున్నాలున్న సంఖ్యకు గణితంలో వాడే ‘గూగోల్’ అన్న మాటను మార్చి రాయగా వచ్చింది. బ్రిటన్‌లోని పుస్తక దుకాణాల సంస్థ వాటర్‌స్టోన్స్ 2012లో తన ఇంగ్లీషు పేరులోని అపాస్ట్రఫీని, అంటే అక్షరాల మధ్య పైన పెట్టే చిన్న కొక్కెపు గుర్తును, తానే తీసివేసింది. వ్యాకరణాభిమానులు కొందరు నొచ్చుకున్నారు గాని, తన పేరును ఎలా రాసుకోవాలో నిర్ణయించుకొనే హక్కు ఆ సంస్థదే. కాబట్టి పేరులో తేడా కనిపిస్తే బిల్లు మీద, బోర్డు మీద, వెబ్‌సైటులో అదే రూపం ఉందేమో చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఉంటే అది వారు ఎంచుకొన్న రూపమని భావించి వదిలివేయండి. ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా ఉన్నప్పుడే అడగడానికి వీలుంటుంది.

ఇక కంప్యూటరు చేసే తప్పులు ఉన్నాయి. వీటిని మనుషుల ఖాతాలో వేయడం అన్యాయం. తెలుగు వంటి లిపులకు తగిన అమరిక లేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పెడితే ఒత్తులు విడిపోయి, ‘స్త్రీ’ వంటి మాట పొల్లులతో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. రాసినవారు సరిగానే రాసి ఉంటారు, దానిని పేర్చిన యంత్రం పాడుచేసి ఉంటుంది. అడోబీ ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి లిపులకు తగిన అమరికను ఎంచుకొంటే ఈ సమస్య తీరుతుంది. ఇటువంటి బోర్డు కనిపించినప్పుడు ‘మీ తెలుగు తప్పు’ అనకుండా, ‘డిజైన్ చేసిన చోట ఈ సెట్టింగు చూడమనండి’ అని చెప్పడమే నిజమైన సాయం.

దీనికి దగ్గరి చుట్టం మరొకటి ఉంది. ‘హార్డ్‌వేర్’ అని విడివిడిగా కనిపించాలంటే ‘డ్’ తరువాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే ప్రామాణిక సంకేత పద్ధతి) అక్షరం ఉండాలి. అది లేకపోతే ‘వే’ కాస్తా ఒత్తుగా మారి ‘హార్డ్వేర్’ అయిపోతుంది. ఆ కనిపించని అక్షరం సంగతి తెలియని యజమాని ఎన్నిసార్లు దిద్దినా అదే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది. అంతేకాక, మీ ఫోనులో విడిపోయి కనిపించిన ఒత్తు మరొకరి ఫోనులో సరిగానే ఉండవచ్చు. వెబ్‌సైటు విషయమైతే మరొక పరికరంలో కూడా తెరిచి చూసిన తరువాతే తప్పని తేల్చండి.

తరువాత నష్టాన్ని తూచండి

తప్పులన్నీ ఒకే బరువు కలవి కావు. అన్నిటికంటే ముందు చెప్పవలసినవి నిజానికి అక్షరదోషాలే కావు: ఫోను నంబరులో ఒక అంకె తగ్గడం, పని వేళల్లో ఉదయానికి బదులు సాయంత్రం పడటం, ఈమెయిలు చిరునామాలో చుక్క జారిపోవడం వంటివి. వీటి వల్ల ఫోన్లు రావు, వచ్చినవారు మూసిన తలుపు చూసి వెనుదిరుగుతారు, ఎందుకిలా జరుగుతోందో యజమానికి ఎప్పటికీ తెలియదు. ఇటువంటిది కనిపిస్తే సంకోచం అక్కరలేదు, ఆ రోజే చెప్పండి.

రెండవ వరుసలో, అర్థాన్ని తారుమారు చేసే తప్పులు వస్తాయి. ‘కళ్ల పరీక్ష’ అనవలసిన చోట ‘కల్ల పరీక్ష’ అని ఉంటే అది అబద్ధపు పరీక్ష అవుతుంది. కళ్లజోళ్లు అమ్మేవారికి అంతకంటే చేటు తెచ్చే ప్రకటన వేరొకటి ఉండదు. ‘అర్ధ ధరకే’ అన్నది ‘అర్థ ధరకే’ అయితే సగం అన్న భావం పోతుంది. ‘పని వేళలు’ అన్నది ‘పని వేలలు’గా మారితే మాటకు అర్థమే ఉండదు, అయితే చదివేవారు ఎలాగో సరిపెట్టుకుంటారు.

విరామచిహ్నాలు చిన్నవని కొట్టిపారేయడానికి వీలులేని సందర్భం కూడా ఇదే. ఒక తలుపు మీద ఇలా రాసి ఉందనుకోండి: ‘శని ఆదివారాలు సెలవు పండుగ దినాల్లో ఉదయం 10 నుండి 2 వరకు’. ‘సెలవు’ తరువాత చుక్క పెడితే శని ఆదివారాల్లో దుకాణం పూర్తిగా మూసి ఉంటుందని అర్థం. ‘శని, ఆదివారాలు, సెలవు, పండుగ దినాల్లో’ అని కామాలు పెడితే ఆ రోజులన్నిటా ఉదయం పది నుండి రెండు వరకు తెరిచే ఉంటుందని అర్థం. యజమానికి తన మనసులోని మాట తెలుసు గనుక ఆ వాక్యంలో సందేహమే కనిపించదు. బయట నిలబడి చదివేవారికే అది తెలుస్తుంది. వస్తువులు తిరిగి తీసుకొనే నియమాల్లో, హామీ పత్రాల్లో ఇటువంటి అస్పష్టత ఉంటే గొడవలకు దారితీస్తుంది కాబట్టి అక్కడా చెప్పడమే మేలు.

చట్టపరమైన పత్రాల్లో వ్యాపారం పేరు తప్పుపడటం కూడా ఈ వరుసలోనిదే. 2009లో బ్రిటన్‌లోని కంపెనీల నమోదు కార్యాలయం, ‘టేలర్ అండ్ సన్’ అనే కంపెనీ మూసివేత ఉత్తర్వును పొరపాటున ‘టేలర్ అండ్ సన్స్’ అనే వేరే కంపెనీ పేరు కింద నమోదు చేసింది. బహువచనపు ఒక్క అక్షరం తేడా అది. నూరేళ్లు దాటిన ‘టేలర్ అండ్ సన్స్’ ఇంజినీరింగ్ సంస్థ మీద నమ్మకం పోయి అది కుప్పకూలింది. 2015లో హైకోర్టు నమోదు కార్యాలయానిదే బాధ్యత అని తీర్పు చెప్పింది. అందువల్ల బిల్లు మీద, రసీదు మీద, ఒప్పందం మీద పేరు తప్పుగా ఉంటే, అది మీ బిల్లు కూడా కనుక, మార్చి ఇమ్మని అడగండి. ఇక్కడ మీరు తప్పు పట్టడం లేదు, కొనుగోలుదారుగా సరైన పత్రం కోరుతున్నారు.

మిగిలినవన్నీ మూడవ వరుసవి. ‘ధరలు’ బదులు ‘దరలు’, ‘విద్యార్థి’ బదులు ‘విద్యార్ధి’, ‘శుభ్రం’ బదులు ‘శుబ్రం’, మూడేసి ఆశ్చర్యార్థకాలు, కామాకు ముందు వదిలిన ఖాళీ. అర్థం చెడదు, చదివేవారి దృష్టిలో వ్యాపారి పరువు మాత్రం కాస్త తగ్గుతుంది. వీటిలో ఒకదానిని మాత్రం నేను కాస్త పైన పెడతాను: ఒత్తి చెప్పడం కోసం కొటేషన్ గుర్తులు వాడటం. ‘నాణ్యమైన’ అన్న మాట చుట్టూ ఆ గుర్తులు పెడితే, నాణ్యత ఉందని ఎవరో అంటున్నారట అన్న ధ్వని వస్తుంది. వ్యాపారి గట్టిగా చెప్పాలనుకొన్న మాటకే అనుమానం అంటుకొంటుంది.

దిద్దడానికి ఎంత శ్రమ పడుతుందో ఆలోచించండి

వెబ్‌సైటులోనో, వాట్సాప్ సందేశంలోనో ఉన్న తప్పును యజమాని ఒక్క నిమిషంలో మార్చగలరు. అచ్చయిన కరపత్రాలను మార్చలేరు, తరువాతి ముద్రణలో సవరించుకోగలరు. లోహపు అక్షరాలతో బిగించిన బోర్డును మార్చాలంటే డబ్బు, మనుషులు, ఒక రోజు పని కావాలి. రోజూ చెరిపి రాసే నల్లబల్ల మీద తప్పు రేపటికి దానంతటదే పోతుంది గనుక దాని గురించి నోరెత్తవలసిన పనే లేదు. తప్పు మూడవ వరుసదై, దిద్దడానికి ఖర్చు ఎక్కువైతే ఊరుకోవడమే ఉత్తమం. మీరు చెప్పినందువల్ల యజమానికి మిగిలేది, ప్రతి ఉదయం తలుపు తీసేటప్పుడు ఆ తప్పును చూసి కుమిలిపోవడం ఒక్కటే. కొత్త బోర్డు పెట్టిన మొదటి వారంలో ఇది మరీ క్రూరంగా ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బోర్డు ఇప్పుడే తయారైవచ్చి, బాధ్యత చేసినవారిదే అయితే, వెంటనే తెలిస్తే యజమాని డబ్బు చెల్లించక ముందే సరిచేయించుకోగలరు. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది. అన్నిటికంటే మంచి సమయం మాత్రం అచ్చుకు వెళ్లక ముందే. మీకు ఆ వ్యాపారితో పరిచయం ఉంటే, ‘ఈసారి అచ్చు వేయించేటప్పుడు ప్రూఫ్ నాకు ఒకసారి చూపండి’ అన్న మాట ముందే అని ఉంచడం, తరువాత పది తప్పులు చూపడం కంటే ఎంతో మర్యాదగా ఉంటుంది.

ఎవరికి, ఎక్కడ చెప్పాలో నిర్ణయించుకోండి

యజమానికి చెప్పండి, ఒంటరిగా చెప్పండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఉద్యోగికి చెబితే దానిని మార్చే అధికారం వారికి ఉండదు, పైకి చెబితే తమను ఏమంటారోనన్న భయం మాత్రం మిగులుతుంది. నలుగురు కొనుగోలుదారులు నిలబడి ఉన్నప్పుడు అసలే వద్దు. నాకు తెలిసిన ఒక సందర్భంలో, వరుసలో నిలబడిన పెద్దమనిషి ఒకరు ఎంతో మర్యాదైన మాటలతోనే, కాని అందరికీ వినబడేలా, బోర్డు మీది తప్పు చెప్పారు. మాటల్లో లోపం లేదు. ఆ దుకాణదారు ముఖం మాత్రం నల్లబడిపోయింది, బోర్డు అలాగే ఉండిపోయింది. ఎన్ని మంచి మాటలు వాడినా చోటు తప్పితే అవి ఫలించవు.

గూగుల్ మ్యాప్స్ వంటి చోట రాసే సమీక్ష కూడా నలుగురిలో చెప్పడమే. పైగా అది చాలాకాలం అక్కడే ఉంటుంది. సమీక్షలో అక్షరదోషాల ప్రస్తావన తెస్తే, యజమానికి అది సాయంగా కాక దాడిగా కనిపిస్తుంది. ఆ మ్యాపులో వేళలో, నంబరో తప్పుగా ఉంటే మార్పు సూచించే సదుపాయం ఎవరికైనా ఉంటుంది, దానిని వాడవచ్చు. అయితే వ్యాపారం పేరు అక్కడ బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి గనుక, పేరులోని అక్షరాలను మీకు తోచినట్టు ‘సరిచేయకండి’.

మీకూ ఆ దుకాణానికీ ఏదైనా తగాదా నడుస్తున్నప్పుడు, అంటే వస్తువు బాగాలేదనో, డబ్బు తిరిగి రాలేదనో ఫిర్యాదు చేస్తున్నప్పుడు, దానిలో అక్షరదోషాన్ని కలపకండి. అసలు ఫిర్యాదు బలం తగ్గుతుంది, మీరు తప్పులు వెదికే మనిషని ముద్ర పడుతుంది. అలాగే మరణం వల్లనో, అనారోగ్యం వల్లనో దుకాణం మూసినట్టు రాసి అంటించిన కాగితంలో ఎన్ని తప్పులున్నా మీ కంటికి అవి కనిపించలేదనుకోండి.

ఇప్పుడు సందేశం రాయండి

ఫోనులో చెప్పడం కంటే రాసి పంపడం మంచిది. చదివి ఊరుకొనే స్వేచ్ఛ ఎదుటివారికి ఉంటుంది, సరైన రూపాన్ని అలాగే తీసి వాడుకొనే వీలూ ఉంటుంది. సందేశంలో మూడు సంగతులు చాలు: తప్పు ఎక్కడ ఉంది, ఎలా ఉండాలి, మీరెవరు. వ్యాకరణ పాఠం వద్దు, ‘ళ’కు ‘ల’కు తేడా వివరించవద్దు. ఒక నమూనా:

‘నమస్కారం అండి. నేను మీ దగ్గర కళ్లజోడు చేయించుకొన్నాను, చాలా బాగుంది. మీ వెబ్‌సైటు మొదటి పేజీలో పై వరుసలో “కల్ల పరీక్ష” అని పడింది. “కళ్ల పరీక్ష” అని ఉండాలనుకొంటాను. వీలైనప్పుడు చూడగలరు. జవాబు ఇవ్వనవసరం లేదు.’

ఇందులో మెచ్చుకోలు నిజమైతేనే రాయండి. తప్పు చెప్పడానికి ముందు పూసిన తేనె అని ఎదుటివారు ఇట్టే పసిగడతారు. ‘ఉండాలనుకొంటాను’ అన్న మాట కేవలం వినయం కోసం కాదు, మీరే పొరబడి ఉండే అవకాశాన్ని అది నిలిపి ఉంచుతుంది. చివరి వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యం. సిగ్గుపడుతున్న మనిషికి జవాబు రాయడమే పెద్ద శిక్ష, ఆ శిక్షను ముందే తీసివేస్తున్నారు.

ఒకసారికి ఒక తప్పే చెప్పండి, మరీ అయితే రెండు. నేను ఒకప్పుడు ఒక వ్యాపారికి పద్నాలుగు తప్పుల జాబితా వరుస సంఖ్యలు వేసి మరీ పంపాను. జవాబు రాలేదు, ఒక్కటీ మారలేదు. కొన్ని నెలల తరువాత వాటిలో కొనేవారిని తికమకపెట్టే ఒక్కదానిని ఎంచి రెండు వాక్యాల్లో పంపితే, ఆ సాయంత్రానికే మారిపోయింది. మిగిలిన పదమూడు ఇప్పటికీ ఉన్నాయి, ఉండనివ్వండి.

సరైన రూపాన్ని ఫొటో మీద గీసి పంపడంతో పాటు అక్షరాలుగా కూడా రాసి పంపండి, వెబ్‌సైటు అయితే దానిని నేరుగా అతికించుకొంటారు. డీటీపీ చేసేవారు పాత ఫాంట్లతో పనిచేస్తుంటే యూనికోడ్ అక్షరాలు అక్కడ సరిగా పడవు, వారికి ఫొటో ఉపయోగపడుతుంది. అందుకే రెండూ.

ప్రూఫులు దిద్దడమే మీ వృత్తి అయితే ఆ సంగతి ఈ సందేశంలో తేవద్దు. తప్పు చూపించి వెంటనే రుసుము చెప్పేవారి మాట, ఎంత నిజమైనదైనా, బేరం లాగే వినిపిస్తుంది.

చెప్పిన తరువాత

వదిలేయండి. మరుసటి వారం వెళ్లి బోర్డు వైపు చూసి తల ఊపవద్దు, ‘మార్చలేదేమి’ అని అడగవద్దు. వారికి అంతకంటే ముఖ్యమైన పనులు ఉండవచ్చు, ఆ బోర్డు ఎవరో ప్రియమైనవారు రాసిచ్చినది కావచ్చు, ఆ భాష వారికి రెండవదో మూడవదో కావచ్చు, చదవడంలోనే ఇబ్బంది ఉన్నవారు కావచ్చు. అంకెలో తప్పుండి, కొనేవారు నిజంగా నష్టపోతున్నారని తెలిసినప్పుడు మాత్రం మరొకసారి గుర్తుచేయవచ్చు.

మీరే చేత్తో దిద్దే పని మాత్రం ఎన్నడూ పెట్టుకోకండి. 2008లో జెఫ్ డెక్, బెంజమిన్ హెర్సన్ అనే ఇద్దరు అమెరికన్లు దేశమంతా తిరుగుతూ బోర్డుల మీది తప్పులు దిద్దారు. గ్రాండ్ కాన్యన్ జాతీయ ఉద్యానంలోని ఒక కావలి గోపురం దగ్గర ఉన్న బోర్డు మీద మార్కరుతో అపాస్ట్రఫీని, కామాను సవరించారు. ఆ బోర్డు, గోపురాన్ని రూపొందించిన వాస్తుశిల్పి మేరీ కోల్టర్ స్వయంగా చేత్తో రాసిన చారిత్రక వస్తువని వారికి తెలియదు. కోర్టులో నేరం ఒప్పుకొన్నారు. 3,035 డాలర్ల పరిహారం కట్టవలసి వచ్చింది, ఏడాది పాటు జాతీయ ఉద్యానాల్లో అడుగుపెట్టకూడదన్న షరతు కూడా పడింది. వ్యాకరణం ప్రకారం వారు చేసిన సవరణ సరైనదే.